ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) ట్యాంకుకి చిల్లు పడితే మాల్ నకిలీదేనా?

ఒడిశాలోని బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో 18 ఏళ్లుగా ట్యాంకులు, పైపులైన్లు చూస్తున్నాను. నెలకి ఒక్కరైనా ఫోన్ చేసి ఇదే అడుగుతారు: "ఎస్ఎస్ అని అంత డబ్బు పోశాం సార్, తుప్పు పట్టేసింది. మమ్మల్ని మోసం చేశారా?"

అపోహ: స్టెయిన్‌లెస్ స్టీల్‌కి తుప్పు పట్టదు. పట్టిందంటే అది నకిలీ.

వాస్తవం: ఎస్ఎస్‌లో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. గాలి తగలగానే దాని మీద ఆక్సైడ్ పొర కడుతుంది. మందం కొన్ని నానోమీటర్లే. గీత పడినా ఆక్సిజన్ అందితే మళ్లీ కట్టుకుంటుంది. ఆ పొరకి శత్రువు క్లోరైడ్, అంటే ఉప్పు. హుమ్మా ఉప్పుమడుల వైపు వీచే గాలిలో, తీరం దగ్గరి బోరు నీళ్లలో ఉన్నది అదే. కడగడానికి వాడే బ్లీచింగ్‌తోనూ అదే వచ్చి చేరుతుంది. ఎమ్ఎస్ (మైల్డ్ స్టీల్, అంటే మామూలు ఇనుము) అయితే ఒళ్లంతా తుప్పు పట్టి ముందే చెబుతుంది. ఎస్ఎస్ చుట్టూ అద్దంలా మెరుస్తూనే ఉంటుంది, ఒక్కచోట మాత్రం సూదిమొనంత గుంట లోపలికి దిగిపోతుంది.

గోపాల్‌పూర్ దారిలో ఒక రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్. 304 గ్రేడు (ఎక్కువగా వాడే ఎస్ఎస్ రకం) ట్యాంకు, 3 మిల్లీమీటర్ల రేకు. బోరు నీళ్లు నింపి లీకేజీ టెస్ట్ చేశారు, పాసైంది. పంపు ఇంకా రాలేదని ఆ నీళ్లు మూడు నెలలు అలాగే ఉంచేశారు. నేను వెళ్లేసరికి అడుగు వెల్డు పక్కన ఏడు చిల్లులు. బయటినుంచి చూస్తే చిన్న గోధుమరంగు చుక్కలు, అంతే. లోపలికి దిగి ఒకదాంట్లో సూది పెడితే సగం దిగింది.

అక్కడి సూపర్‌వైజర్ రోజూ ఇచ్ఛాపురం నుంచి రైల్లో వచ్చే కుర్రాడు. రేకులు సప్లై చేసినవాడితో కుమ్మక్కయ్యాడని ఓనరుకి అనుమానం. "ఇంట్లో నేనొక్కడినే సంపాదిస్తాను బాబూ, ఉద్యోగం పోద్దేమో" అని నా వెనకే తిరిగాడు. రేకు ముక్క ల్యాబ్‌కి పంపించాం. క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం. సిసలైన 304! బోరు నీళ్లలో క్లోరైడ్ మాత్రం 1,400 పిపిఎం (పది లక్షల్లో 1,400 వంతులు). ఎస్ఎస్ టెస్ట్ నీళ్లలో 50 దాటకూడదని సాధారణంగా స్పెసిఫికేషన్‌లోనే రాసి ఉంటుంది. ఎవరూ చదవరు. ల్యాబ్ రిపోర్టు ఓనరు ముందు పెట్టాకే కుర్రాడి ముఖంలో నెత్తురు కనిపించింది.

చిల్లులు వెల్డు పక్కనే ఎందుకంటారా? వేడికి అక్కడ నీలంగా రంగు మారుతుంది. ఆ రంగు కింద లోహంలో క్రోమియం తగ్గిపోయి ఉంటుంది. పిక్లింగ్ పేస్టుతో (ఆ రంగు పొరని తీసేసే ఆమ్లాల పేస్టు) శుభ్రం చేయించాలి, చేయించలేదు. మంచినీళ్లతో టెస్ట్ చేసి, అయిన రోజే ఖాళీ చేసి, ఆరబెట్టి ఉంటే ఆ ట్యాంకు ఇప్పటికీ పనిచేసేది.

అపోహ: అయస్కాంతం అంటుకోకపోతే మంచి ఎస్ఎస్.

మాంగనీస్ ఎక్కువుండే చవక 200 సిరీస్ ఎస్ఎస్‌కీ అంటుకోదు. అసలైన 304ని వంచితే మడత దగ్గర కాస్త అంటుకుంటుంది. జేబులో అయస్కాంతం కాదు, మిల్ టెస్ట్ సర్టిఫికెట్ (రేకులో ఏ లోహం ఎంతుందో తయారీ కంపెనీ ఇచ్చే కాగితం) అడగండి.

అపోహ: 316 గ్రేడు ఎస్ఎస్ వేస్తే ఇక చూసుకోనక్కర్లేదు.

అందులో 2-3 శాతం మాలిబ్డినం ఉంటుంది కాబట్టి ఉప్పుకి ఎక్కువ ఓర్చుకుంటుంది. నీళ్లు 60 డిగ్రీలు దాటితే మాత్రం దానికీ క్లోరైడ్ పగుళ్ల భయం ఉంది.

ఇంకొకటి, ఎమ్ఎస్ మీద వాడిన గ్రైండింగ్ చక్రం, వైర్ బ్రష్ ఎస్ఎస్ మీద పెట్టకండి. ఇనుప రజను అంటుకుని వారంలో తుప్పు మరకలు తేలతాయి. తేలాక మళ్లీ నకిలీ మాల్ అనే గొడవ.

నాకు ఫోన్ చేసే ముందు రెండు విషయాలు కనుక్కోండి: ఏ నీళ్లు నింపారు, ఎన్ని రోజులు ఉంచారు. రేకు ఎక్కడ కొన్నారన్నది తర్వాత చూద్దాం.