మింగిన వస్తువుల మ్యూజియం: అపోహలు, వాస్తవాలు

అపోహ: వైద్య మ్యూజియంలో దాచిన మింగుడు వస్తువులు వింత మనుషుల వింత చేష్టలకు గుర్తులు.

వాస్తవం: మానసిక వ్యాధితో 1,446 వస్తువులు మింగి, 1929లో శస్త్రచికిత్స సమయంలో మరణించిన ఒక స్త్రీ ఉదంతాన్ని అమెరికాలోని గ్లోర్ మ్యూజియం ప్రదర్శిస్తోంది, జనం చెప్పుకునేది ఎక్కువగా అదే. కోనసీమలో గొంతు వైద్యం చేసే నాకు మాత్రం ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ మ్యూజియంలో ఉన్న సొరుగులే ముఖ్యం. షెవాలియర్ జాక్సన్ (1865-1958) అనే వైద్యుడు రోగుల శ్వాసనాళాల నుంచి, అన్నవాహికల నుంచి వెలికితీసి, 1924లో అక్కడికి అప్పగించిన ఆ సేకరణలో 2,374 వస్తువులున్నాయి. అవి ఎక్కువగా గుండీలు, నాణేలు, ఎముక ముక్కలు, గింజలు, పిన్నీసుల వంటి ఇంటి సామానే. మింగినవారిలో చాలామంది పిల్లలే. వస్తువు ఎక్కడ ఇరుక్కుందో, ఎలా తీశారో ఆయన రాసిపెట్టారు. ఆ రాతే లేకపోతే అది తుక్కు సామానుతో సమానమని నా అభిప్రాయం.

అపోహ: లోపల ఇరుక్కున్నది కంటికి కనబడితే, పట్టుకుని లాగేస్తే సరిపోతుంది.

వాస్తవం: నోరు తెరుచుకున్న పిన్నీసు మొన పైకి ఉండి అన్నవాహికలో ఇరుక్కుంటే, లాగినకొద్దీ మొన గోడలోకి దిగుతుంది. అందుకే జాక్సన్ దానిని లోపలే మూసే పరికరాలు వాడారు. కొన్నిసార్లు పొట్టలోకి దించి, అక్కడ తిప్పి, మొన వెనకబడేలా పైకి తెచ్చారు. కుచ్చిళ్లు సర్దుకుంటూ పిన్నీసును పళ్ల మధ్య పట్టుకునే అలవాటు మన ఇళ్లలో ఇంకా పోలేదు.

అపోహ: చేప ముల్లు గుచ్చుకుంటే పెద్ద అన్నం ముద్ద మింగాలి.

వాస్తవం: పులస తినే ఊళ్లలో ఈ సలహా ఇవ్వనివారు అరుదు. ముద్ద ముల్లును మరింత లోతుకు నెట్టవచ్చు. టాన్సిల్‌లో గుచ్చుకున్నదైతే వెలుతురులో చూసి చిమటాతో తీయడం తేలిక. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నంత మాత్రాన ముల్లు లేనట్టు కాదు, సన్నని ముళ్లు అందులో తరచుగా కనబడవు.

అపోహ: పిల్లవాడికి పొలమారితే ఎవరో తలుచుకున్నట్టు, నెత్తిన తట్టాక దగ్గు ఆగితే గండం గడిచినట్టు.

వాస్తవం: నేను అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది దీనికే. వేరుశనగ పలుకు ఊపిరితిత్తుల గొట్టంలో, తరచుగా వెడల్పుగా, నిటారుగా ఉండే కుడి గొట్టంలో కూర్చున్నాక దగ్గు సద్దుమణుగుతుంది; పలుకు మాత్రం ఉబ్బి, దాని నూనె గొట్టం లోపలి పొరను వాచేలా చేయగా, కొన్నాళ్లకు జ్వరం, ఒకవైపే పిల్లికూతలు మొదలై, ఉబ్బసమనో న్యుమోనియా అనో మందులు నడుస్తుంటాయి. ఈ వాపును జాక్సన్ ఆనాడే వర్ణించారు. తినేటప్పుడు హఠాత్తుగా పొలమారిన సంగతి తల్లి చెప్పకపోతే మాకు దారి దొరకదు. చిన్నపిల్లలకు వేరుశనగను పలుకులుగా పెట్టవద్దు.

అపోహ: బటన్ బ్యాటరీ నాణెం లాంటిదే, అరటిపండు పెడితే మలంలో పోతుంది.

వాస్తవం: పొట్టలోకి చేరిన నాణెం చాలావరకు దానంతటదే పోతుంది. అన్నవాహికలో ఆగిన బ్యాటరీ అలా కాదు; దాని కరెంటు వల్ల అక్కడే క్షారం పుట్టి, 2 గంటల్లోనే లోతైన కాలిన గాయం చేయగలదు. కాస్టిక్ సోడా వంటి ఘాటైన క్షారాల సీసాలపై హెచ్చరిక ఉండాలని జాక్సన్ పోరాడగా 1927లో అమెరికాలో చట్టం వచ్చింది. ఆ క్షారమే ఇప్పుడు రిమోట్‌లోని బిళ్ల రూపంలో ఇంట్లోకి వస్తోంది. ఎక్స్‌రేలో గుండ్రని నీడ అంచున రెండో వలయం కనబడితే అది బ్యాటరీకి గుర్తు; బిడ్డ అప్పుడే అన్నం తిని ఉన్నా సరే, మత్తు కోసం కడుపు ఖాళీ అయ్యేదాకా ఆగకుండా తీయాల్సిందే.