జోన్ మార్పు: వరంగల్ చుట్టుపక్కల వినే అపోహలు, అసలు వాస్తవాలు

హనుమకొండలో లేఅవుట్, భూ వినియోగ మార్పిడి ఫైళ్లు తయారుచేయడం నా పని. మా ఆఫీసుకు వచ్చే రైతులు, ప్లాట్లు కొన్నవాళ్లు తరచూ అనే మాటలే ఇవి.

అపోహ: నాలా అయిపోయింది, ఇక జోన్ మారినట్టే.

జనం ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. నాలా అంటే 2006 చట్టం కింద రెవెన్యూ రికార్డులో సాగు భూమిని సాగేతర భూమిగా మార్చడం. జోన్ సంగతి పూర్తిగా వేరు. కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) మాస్టర్ ప్లాన్‌లో మీ సర్వే నంబరు మీద ఏ రంగు ఉందో అదే మీ జోన్, అంటే ఆ భూమిని దేనికి వాడొచ్చో ఆ రంగు చెబుతుంది. దాన్ని మార్చాలంటే 1975 పట్టణాభివృద్ధి చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఫైలు ప్రభుత్వం దాకా వెళ్లాలి, అభ్యంతరాల కోసం నోటీసు వేయాలి, ఆ తర్వాత ఉత్తర్వు రావాలి.

నాలా ప్రొసీడింగ్స్‌లో పైన ఉండే సర్వే నంబరు, విస్తీర్ణం అందరూ చూస్తారు. కింద ఉండే షరతులు ఎవరూ చదవరు. ఈ కాగితంతో భూమిపై హక్కు రాదనీ, వేరే చట్టాల కింద చర్యలకు ఇది అడ్డు కాదనీ అక్కడే రాసి ఉంటుంది. ఆ కాగితం చూపించి ప్లాట్లు అమ్మేస్తారు. ఇల్లు కట్టుకుందామని అనుమతికి వెళ్లిన రోజే టెన్షన్ మొదలవుతుంది. రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన కూడా ఇంటి అనుమతి రాదు. కొనేముందే సర్వే నంబరు ఇచ్చి, ఏ జోన్‌లో ఉందో కుడా నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

ఇంకో మాట. వరంగల్ 1970ల నాటి ప్లాన్‌తోనే దశాబ్దాలు నెట్టుకొచ్చింది. 2041 ప్లాన్ ముసాయిదా 2018లో బయటికొస్తే, ఆమోదం 2024లో వచ్చింది. పాత ప్లాన్ చూసి తీసుకున్న కాగితం చేతిలో ఉంటే కొత్త మ్యాప్‌తో మళ్లీ సరిచూసుకోండి.

అపోహ: మ్యాప్‌లో రంగు మారితే పొలం పోయినట్టే.

పోదు. పట్టా మీ పేరునే ఉంటుంది, సాగు చేసుకోవచ్చు. ప్రభుత్వం భూమి తీసుకోవాలంటే సేకరణ చట్టం కింద నోటిఫికేషన్, పరిహారం వేరే ఉంటాయి. 2022లో వరంగల్ చుట్టూ 27 గ్రామాల్లో 21,510 ఎకరాలకు తలపెట్టి, రైతులు తిరగబడితే వెనక్కి తీసుకున్న ల్యాండ్ పూలింగ్ కూడా జోనింగ్ కాదు. అందులో భూమి ఇచ్చి, బదులుగా అభివృద్ధి చేసిన ప్లాట్లు తీసుకోవాలి.

అలాగని రైతు భయం ఉత్తదే అనను. పొలం మీద రోడ్డో పార్కో గీస్తే కొనేవాడు ముందుకు రాడు, ఇల్లు కట్టుకోవడానికి అనుమతీ దొరకదు. ఆడపిల్ల పెళ్లికి ఒక ఎకరం అమ్ముదామనుకున్న కుటుంబానికి అది చిన్న కష్టం కాదు.

అపోహ: అభ్యంతరం రాస్తే ఎవరు చూస్తారు?

కామారెడ్డి, జగిత్యాల చూడండి. మాస్టర్ ప్లాన్ ముసాయిదాలపై రైతులు ఆందోళనకు దిగాక, 2023 జనవరిలో అక్కడి మున్సిపల్ కౌన్సిళ్లు వాటిని రద్దు చేయాలని తీర్మానించాయి. రోడ్డెక్కితేనే దిగొచ్చారని అంటారు. నిజమే. కానీ ఇంకా ముసాయిదా దశలోనే ఉంది కాబట్టి కౌన్సిల్ తీర్మానంతో పని జరిగింది. తుది ఉత్తర్వు వచ్చాక అదే పని ఎంతో కష్టం.

"మా భూమి మాకు కావాలి" అని ఒక్క వాక్యం రాసి ఊరంతా సంతకాలు పెట్టి తెస్తారు. ఆ ఆవేదన నాకు అర్థమవుతుంది, కానీ పరిశీలించే అధికారికి అందులో పట్టుకోవడానికి ఏమీ దొరకదు. సర్వే నంబరు, ఎకరాలు గుంటలతో సహా రాయండి. పాస్‌బుక్ నకలు జత చేయండి. ఊరి నక్షా మీద మీ పొలం గీసి, ప్రతిపాదిత రోడ్డు ఎక్కడ మీ బావి మీదుగా పోతోందో ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి. పక్కన సర్కారు భూమి ఉంటే రోడ్డును అటు జరపొచ్చని చూపించండి. గడువులోపు ఇచ్చి, రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి. రేపు కోర్టుకు పోవాల్సి వస్తే ఆ ముద్రే మీకు ఆధారం.

అపోహ: జోన్ మారితే చెరువు పక్కన కూడా కట్టుకోవచ్చు.

కుదరదు. 2012 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలి. చెరువు లోపలి శిఖం భూమి సంగతి చెప్పనే అక్కర్లేదు. 2020 ఆగస్టులో హనుమకొండ కాలనీలు ఎలా మునిగాయో చూసినవాళ్లం. చెరువు నిండి మత్తడి (అలుగు) దూకిన నీటికి దారి కావాలి. ఆ దారిలో ఇళ్లు కట్టే ఫైలు ఎవరు తెచ్చినా నేను ముట్టుకోను. వరంగల్ కోట చుట్టూ కూడా ఇంతే. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపై మరో 200 మీటర్ల దాకా ముందుగా అనుమతి కావాలి.

అపోహ: పక్కాయన జోన్ మార్చుకుంటే మనకేంటి?

ఇళ్ల మధ్య ఒక్క సర్వే నంబరు ఇండస్ట్రియల్ అయితే లారీలు తిరిగేది మీ వీధిలోనే, బోరు నీళ్లు తగ్గేది మీకే. అందుకే నోటీసు వేసేది. మీ భూమి కాకపోయినా మీరు అభ్యంతరం ఇవ్వొచ్చు. పేపర్లో మీ ఊరి పేరుతో భూ వినియోగ మార్పిడి ప్రకటన కనిపిస్తే కత్తిరించి పెట్టుకోండి, గడువు తేదీ చూసుకుని ఆ వారంలోనే రాసివ్వండి.