వాన గురించి రాయమంటే

చిన్నీ, బుజ్జీ,

మీ వ్యాసాలు రెండూ చదివాను. చిన్నీ, వాన గురించి రాస్తూ ‘ప్రకృతికాంత పచ్చని పట్టుచీర ధరించి పరవశించింది’ అన్నావు. మొన్న ఫోన్లో అదే వాన గురించి నాతో ఏం చెప్పావో గుర్తుందా? మేడ మీద ఆరబెట్టిన మిరపకాయలు తడిసిపోతాయని అమ్మా నువ్వూ పరుగెత్తారు. నువ్వు పట్టుకున్న దుప్పటి కొస జారి, కాయలన్నీ మెట్ల మీద దొర్లాయి. వింటుంటే మీ మేడ, మెట్లు, అమ్మ కంగారు అన్నీ నాకు కనబడ్డాయి. వ్యాసం చదివితే మాత్రం ఆ వాన మీ ఊళ్ళో కురిసిందో ఇంకెక్కడ కురిసిందో తెలియలేదు.

పోలికలు వద్దని కాదు. ‘చినుకులు చింతగింజలంత ఉన్నాయి తాతయ్యా’ అన్నావే, అది నువ్వు చూసి అన్న మాట. పట్టుచీర ఎవరో కట్టి వదిలేసింది.

నేనూ ఆ తప్పు చేశాను. హాస్టల్ నుంచి మా నాన్నకు రాసిన మొదటి ఉత్తరం ‘పూజ్యులైన తండ్రిగారి పాదపద్మములకు’ అని మొదలుపెట్టి అర పేజీ సమాసాలతో నింపాను. నాలుగు రోజులుగా జ్వరంతో ఉన్న సంగతి రాయడానికి ఆ భాషలో చోటే దొరకలేదు. నాన్న దగ్గర్నుంచి కార్డు వచ్చింది: ‘జ్వరమని మీ మావయ్య చెప్పాడు. నువ్వు రాయలేదేం? పథ్యం చెయ్యి. ఆదివారం వస్తున్నాను.’ ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది.

ఒకప్పుడు పిల్లలందరికీ ఇదే కష్టం. ‘వచ్చాను’ అని మాట్లాడే పిల్లవాడు కాగితం మీద ‘వచ్చితిని’ అనాలి. 1853లో చిన్నయసూరి ఆ గ్రాంథిక భాషలోనే రాసి అచ్చువేసిన కథల పుస్తకం నీతిచంద్రిక వచనానికి కొలబద్ద అయింది. చక్కని పుస్తకం, నాకూ ఇష్టమే. కానీ ఉత్తరాలూ సైన్సు పాఠాలూ కూడా అలాగే రాయాలనడం అన్యాయం. పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు అక్కడి కొండల్లో ఉండే సవర గిరిజనుల పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని తానే ఆ భాష నేర్చుకుని, సొంత డబ్బుతో బడులు పెట్టారు. తెలుగు పిల్లలకూ వాళ్ళ మాటే కావాలని 1940లో కన్నుమూసేదాకా పోరాడారు. మీరివాళ ‘వచ్చాను’ అని భయం లేకుండా రాస్తున్నది అలాంటి వాళ్ళ చలవే.

బుజ్జీ, నువ్వు అమ్మమ్మ గురించి ‘మమతానురాగాల మూర్తి’ అని రాశావు. నీకు అన్నం పెట్టేటప్పుడు ఆవిడ ఏం చేస్తుందో, ఏమంటుందో రాసి పంపు. చిన్నీ, మిరపకాయల సంగతి మొదటి నుంచీ రాయి.

ఆశీస్సులతో,
తాతయ్య