శ్రీకాకుళానికి మేయరు ఎందుకు లేడు?

మేయరును జనం నేరుగా ఎన్నుకోవాలా, కార్పొరేటర్లు ఎన్నుకోవాలా అన్న చర్చ వచ్చినప్పుడల్లా శ్రీకాకుళం వాళ్లకు నవ్వొస్తుంది. 2005లో గెలిచిన మున్సిపల్ కౌన్సిల్ గడువు 2010లో తీరింది. 2014లో ఎన్నికల్లేవు. 2015లో కార్పొరేషన్ అయింది, 2021లోనూ ఎన్నికల్లేవు. పక్కనున్న విజయనగరం మాత్రం 2021లో ఓటేసి 50 డివిజన్లలో 48 వైఎస్సార్సీపీకి ఇచ్చింది.

అడ్డం పడింది విలీన పంచాయతీల పేచీ. పట్టణంలో కలిస్తే పన్ను పెరుగుతుంది, ఉపాధి హామీ పనులు పోతాయి. అందుకే చుట్టుపక్కల ఊళ్లు ఒప్పుకోలేదు, సంగతి కోర్టుకెక్కింది. ఈలోగా పాలన ప్రభుత్వం నియమించిన ప్రత్యేకాధికారిది. కాలువ పొంగితే ఒకప్పుడు కౌన్సిలర్ ఇంటి అరుగు మీద కూర్చుని గట్టిగా అడిగేవారు. ఇప్పుడు అర్జీ రాసుకుని సోమవారం గ్రీవెన్స్‌లో వరుస కట్టాలి. ఆ అధికారికి మన ఓటుతో పని లేదు.

ఎన్నిక పద్ధతి సంగతికొస్తే, 74వ రాజ్యాంగ సవరణ దాన్ని రాష్ట్రాలకే వదిలేసింది. చంద్రబాబు హయాంలో 2000లో మేయర్లకు నేరుగా ఓటు పడింది. విజయవాడలో పంచుమర్తి అనురాధ 26 ఏళ్లకే మేయరయ్యారు. 2005లో వైఎస్ ప్రభుత్వం దాన్ని పరోక్షం చేసింది, అంటే మేయరును కార్పొరేటర్లు ఎన్నుకునేలా మార్చింది. నేరుగా గెలిచిన మేయరుది ఒక పార్టీ, కౌన్సిల్లో మెజారిటీ ఇంకో పార్టీది అయితే బడ్జెట్ దగ్గరే పేచీ. ఆ ఇబ్బంది నిజమే. కానీ పరోక్షంలో విప్‌లు (ఇలాగే ఓటేయాలన్న పార్టీ ఆదేశాలు), సభ్యులు జారిపోకుండా దాచే క్యాంపులు, చేతులెత్తే ఓట్లు. పైగా ఎమ్మెల్యే, ఎంపీలకు ఎక్స్ అఫీషియో ఓటు, అంటే పదవి రీత్యా వచ్చే ఓటు. 2025 ఏప్రిల్‌లో విశాఖ మేయరుపై అవిశ్వాసానికి సరిగ్గా 74 ఓట్లు కావాలి, సరిగ్గా 74 పడ్డాయి. వాటిలో ఎక్స్ అఫీషియోలవీ ఉన్నాయి. డివిజన్‌లో ఓటేసిన మనిషికి ఇందులో మాట లేదు.

నన్నడిగితే అసలు మెలిక ఇంకోచోట ఉంది. గడువు తీరకముందే ఎన్నిక జరగాలని రాజ్యాంగంలోని 243యూ అధికరణ చెబుతోంది. అయితే డివిజన్ల విభజన, రిజర్వేషన్లు రాష్ట్ర ప్రభుత్వం తేల్చాలి. అవి తేలందే రాష్ట్ర ఎన్నికల సంఘం నోటిఫికేషన్ ఇవ్వడానికి వీల్లేదు. తేదీ కుర్చీలో ఉన్నవాళ్ల చేతిలో ఉన్నట్టే కదా! కేరళలో వార్డుల విభజనకు విడిగా డీలిమిటేషన్ కమిషన్ ఉంది, దానికి రాష్ట్ర ఎన్నికల కమిషనరే అధ్యక్షుడు. శ్రీకాకుళం అడగాల్సింది ముందు అలాంటి కమిషన్‌ని.