మీ క్లామ్ గురించి, బరంపురం నుంచి

ప్రియమైన పెద్దబాబుకు, చిట్టితల్లికి,

తాతయ్య ఆశీస్సులు. మీ ఉప్పునీళ్ల తొట్టిలోని క్లామ్, అదే ఆ పెద్ద సముద్రపు గుల్ల, వీడియోను నిన్న రాత్రి నాలుగుసార్లు చూశాను. మామ్మ కూడా కళ్లజోడు వెతికి తెచ్చుకుని పక్కన కూర్చుంది. "మనం చూసినప్పుడు నెమలికంఠం రంగులో మెరిసేది, ఇప్పుడు మధ్యలో పాలిపోయిందేమిటి?" అంది. ఫోనులో చెబితే సగం మరిచిపోతారు. కాగితం మీదైతే తొట్టి పక్కన పెట్టుకుని మళ్లీ మళ్లీ చూసుకోవచ్చు. తెలుగు చదవడం కష్టమనిపిస్తే కూడబలుక్కోండి, అమ్మను అడగండి, కానీ చివరిదాకా మీరే చదవండి.

అది చచ్చిపోతుందేమోనని చిట్టితల్లి ఏడ్చిందట. వీడియోలో ఒకచోట నీ చేతి నీడ దాని మీద పడింది తల్లీ. నీడ పడగానే అది ముడుచుకుంది. దాని కండ అంచున వందలకొద్దీ చిన్న చిన్న కళ్లు ఉంటాయి. వాటికి బొమ్మ స్పష్టంగా కనిపించదు గానీ వెలుగు తగ్గిందని తెలుస్తుంది. నీడంటే పైన ఎవరో శత్రువు ఉన్నట్టే లెక్క. నీడకు కూడా కదలకుండా నోరు తెరుచుకుని ఉండిపోయిన క్లామ్ గురించే భయపడాలి. మీది ఇంకా లోకాన్ని గమనిస్తూనే ఉంది.

నేను ముప్పై ఏళ్లు ఇక్కడి కాలేజీలో జంతుశాస్త్రం చెప్పాను. మీ క్లామ్‌ను శాస్త్రంలో ట్రైడాక్నా అంటారు. మా ప్రయోగశాలలో ఉన్నది దాని ఖాళీ చిప్పే. ప్రాణంతో ఉన్నదాన్ని మొదటిసారి చూసింది మీ ఇంట్లోనే. పోయిన డిసెంబరు నుంచి మూడు నెలలు రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసుతో దాని ముందు కూర్చున్నది అందుకే. అందువల్ల దాని మామూలు రూపం నా కళ్లలో ఉంది, ఇప్పుడు ఏం మారిందో చెప్పగలను.

చిప్పల మధ్య నుంచి బయటికి పరుచుకునే ఆ రంగుల కండను మా పుస్తకాల్లో ప్రావారం అంటారు. ఆ ప్రావారంలో, దాని పొట్ట నుంచి కొమ్మల్లా చీలుకుంటూ వచ్చిన సన్నని గొట్టాల్లో, కోట్ల సంఖ్యలో సూక్ష్మ శైవలాలు, అంటే కంటికి కనిపించనంత చిన్న నాచు కణాలు, కాపురం ఉంటాయి. అవి వెలుగుతో చక్కెరలు వండి క్లామ్‌కు పెడతాయి. క్లామ్ తన వ్యర్థాలను వాటికి ఎరువుగా ఇస్తుంది. ఈ శైవలాలు తల్లి నుంచి గుడ్డులోకి రావు. పుట్టిన ప్రతి పిల్లా నీళ్లలోంచి వాటిని మింగి, అరిగించుకోకుండా దాచుకుని, తన పొలాన్ని తానే నాటుకోవాలి. మీ క్లామ్ మధ్యలో తెల్లబడిందంటే ఆ పొలంలో అక్కడ పైరు పోయిందని అర్థం.

పైరు ఎందుకు పోయింది? నాన్నను అడిగితే మూడు వారాల కిందట కొత్త ఎల్‌ఈడీ దీపాలు బిగించానన్నాడు. ఎంత శక్తి మీద పెట్టావంటే, నూరు శాతం అన్నాడు. వెలుగే దాని అన్నం కదా, ఎక్కువ ఇస్తే మంచిదే అనుకున్నాడు. ఏడాదిగా మసక దీపం కింద అలవాటు పడ్డ శైవలాల మీద ఒక్కరోజులో మిట్టమధ్యాహ్నం వచ్చి పడింది. నీడపట్టున పెంచిన నారును తెచ్చి ఎండలో పెడితే ఆకులు మాడిపోవా? ఇదీ అంతే. ఇవాళే దీపాలను 40 శాతానికి తగ్గించమనండి. అక్కడి నుంచి వారానికి పది శాతం చొప్పున పెంచాలి, పెంచిన ప్రతిసారీ మధ్య భాగం చూసుకోవాలి. దీపాలు రోజుకు తొమ్మిది గంటలు వెలిగితే చాలు. నీళ్ల వేడి కూడా చూడండి. 25, 26 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. కొత్త దీపాల వేడికి అది పెరిగితే తెల్లబడటం ఇంకా ఎక్కువవుతుంది.

పెద్దబాబూ, నువ్వు రాసే పరీక్షల పట్టిక ఫొటో చూసి నాకు చాలా సంతోషమేసింది. తేదీలు వేశావు, కొట్టివేతలు లేవు. అందులో నైట్రేట్ గడిలో సున్నా వేసి పక్కన నవ్వు మొహం గీశావు. చేపలకు అది బాగానే ఉంటుంది, క్లామ్‌కు మాత్రం కాదు. నైట్రేట్, అమ్మోనియా దాని శైవలాలకు ఎరువు. మొత్తం ఊడ్చేస్తే అవి పస్తులుంటాయి. లీటరుకు ఐదు మిల్లీగ్రాముల దాకా ఉండనివ్వండి. చేపలకు మేత ఒక చిటికెడు పెంచితే చాలు, మిగతా పని చేపలే చూసుకుంటాయి. అంతేగాని చిట్టితల్లి చేసినట్టు మేతపొడి తెచ్చి క్లామ్ నోట్లో పోయవద్దు. అది నీళ్లను వడకట్టుకుని తనకు కావలసిన నలుసులు తానే తీసుకుంటుంది. పోసిన పొడి కుళ్లి నీళ్లు పాడవుతాయి.

అదే పట్టికలో నాకు నిజంగా గుబులు పుట్టించిన గడి వేరే ఉంది. క్షారత, అంటే చిప్ప కట్టుకోవడానికి నీళ్లలో ఉండే కార్బొనేట్ సరుకు, జూన్‌లో 8.6 డిగ్రీలు, ఆగస్టులో 7.4, ఇప్పుడు 6.2 (ఇవి వేడి డిగ్రీలు కావు, క్షారత కొలత). కాల్షియం లీటరుకు 430 మిల్లీగ్రాముల నుంచి 360కి వచ్చింది. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇది మన ఇంటి విషయం కూడా.

నా చిన్నప్పుడు మా నాయనమ్మ తాంబూలానికి గుల్లసున్నమే వాడేది. చిలికా సరస్సు ఒడ్డు ఊళ్ల నుంచి గుల్లలు గోనె బస్తాల్లో వచ్చేవి. మా వీధి చివర సున్నపు బట్టీలో ఒక వరస బొగ్గులు, ఒక వరస గుల్లలు పేర్చి రాత్రంతా కాల్చేవాళ్లు. పొద్దున్నే వెళితే కాలిన గుల్లలు ఆకారం చెడకుండా, పట్టుకుంటే పేలాల్లా తేలిగ్గా ఉండేవి. వాటి మీద చెంబుడు నీళ్లు చల్లగానే బుస్సుమని ఆవిరి లేచి, చూస్తుండగానే గుల్లలు విచ్చుకుని తెల్లని పిండిగా రాలిపోయేవి. ఆ పిండిలో నీళ్లు పోసి కదిలించి ఉంచితే సున్నం అడుగుకు దిగి పైన నీళ్లు తేటపడతాయి. దాన్నే సున్నపుతేట అంటాం. ఆ తేటలోకి గడ్డిపరకతో ఊదితే మళ్లీ పాలలా తెల్లబడుతుంది. మన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు సున్నంతో కలిసి, గుల్ల ఏ పదార్థమో తిరిగి ఆ పదార్థమే అవుతుంది. నాయనమ్మ సున్నపు డబ్బీ ముందు కూర్చుని నేను నేర్చుకున్న మొదటి రసాయనశాస్త్రం అదే.

మీ క్లామ్ ఈ పనినే ఏ మంటా లేకుండా, రోజంతా చడీచప్పుడు లేకుండా చేస్తుంది. నీళ్లలోని కాల్షియంను, క్షారతను తీసుకుని తన చిప్ప అంచున పొరమీద పొర వేసుకుంటుంది. సముద్రంలో ఆ సరుకుకు అంతు లేదు. మీ తొట్టిలో నాన్న పోసినంతే ఉంటుంది. క్లామ్, పక్కనున్న పగడాలు కలిసి రోజూ కొంచెం కొంచెం ఖర్చు పెడుతున్నాయి, వెనక్కి జమ పడటం లేదు. డిసెంబరులో చూసినప్పుడు చిప్ప అంచున గోరు మొదట్లో ఉండే అర్ధచంద్రంలా తెల్లని కొత్త పొర కనిపించేది. వీడియోలో ఆ అంచు మొద్దుబారి, దాని మీద ఆకుపచ్చ పాకుడు పట్టి ఉంది. అంటే కొన్ని వారాలుగా ఎదగలేదు.

క్షారతను 8, 9 మధ్యకు, కాల్షియంను 420 దాకా తేవాలి. కానీ తొందర పనికిరాదు. దుకాణంలో దొరికే క్షారత ద్రావణంతో రోజుకు ఒక్క డిగ్రీకి మించకుండా నాన్న పెంచాలి. ఆ స్థాయికి వచ్చాక రోజువారీ ఖర్చుకు సున్నపుతేట చాలు. అవును, అదే సున్నపుతేట! మీ దేశంలో రీఫ్ తొట్టెలు, అంటే పగడాలుండే ఉప్పునీళ్ల తొట్టెలు, పెట్టుకునేవాళ్లు దాన్ని జర్మన్ పేరుతో కాల్క్‌వాసర్ అంటారు. లీటరు నీళ్లలో ఒకటిన్నర గ్రాముల శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్ కలిపి, తేటపడనిచ్చి, తొట్టిలో ఆవిరైన నీళ్లకు బదులుగా రాత్రిపూట చుక్కచుక్కగా వదలాలి. గిన్నెకు మూత ఉండాలి, లేకపోతే గాలి తగిలి పైన తరక కడుతుంది. తాంబూలం సున్నం మాత్రం వాడవద్దు, అందులో ఇంకేం కలిసి ఉంటాయో చెప్పలేం. సున్నపుతేట కంట్లో పడితే చాలా ప్రమాదం. అది పూర్తిగా నాన్న పని, మీరిద్దరూ దూరం నుంచి చూడాలి.

ఆవిరి మాట వచ్చింది కాబట్టి ఉప్పు సంగతి కూడా చెబుతాను. గంజాం దారిలో హుమ్మా ఉప్పుమళ్లు మీకు చూపించాను, గుర్తుందా? ఎండకు నీళ్లు పోయి ఉప్పు మిగలడం మీ కళ్లతో చూశారు. తొట్టిలోనూ ఆవిరయ్యేది నీళ్లే. తగ్గినచోట ఉప్పునీళ్లు పోస్తే ఉప్పు మీద ఉప్పు చేరుతుంది. మంచినీళ్లే పోయాలి, అదీ శుద్ధి చేసినవి. మన చిలికాలో వానాకాలం నదుల నీళ్లు దిగి ఉప్పదనం పడిపోతుంది, ఎండాకాలం మళ్లీ పెరుగుతుంది. అక్కడి గుల్లలు దానికి అలవాటు పడ్డవి. వాటికీ ఒక హద్దు ఉంది. సముద్రంతో రాకపోకలు ఇసుకతో మూసుకుపోయి చిలికా చప్పబడిపోతే, 2000లో కొత్త ముఖద్వారం తవ్వాక గానీ చేపలూ పీతలూ తిరిగి పుంజుకోలేదు. మీ క్లామ్ పగడపు దిబ్బల ప్రాణి, దానికి చిలికా గుల్లల ఓర్పు లేదు. దాని తొట్టి నీళ్ల సాంద్రత 1.025 దగ్గర కదలకుండా నిలవాలి.

ఇక దాన్ని రెండు వారాల్లో మూడుచోట్లకు మార్చారట. మళ్లీ ముట్టుకోవద్దు. దాని అడుగున, కీలు దగ్గర ఒక రంధ్రం ఉంది. అక్కడి నుంచి పోగులు తీసి నేలకు తనను కట్టేసుకుంటుంది. మన బరంపురం పట్టు నేసే ఇంట్లో మీరు మగ్గం చూశారు కదా. పోగు తెగితే నేతగాడు క్షణంలో వేళ్లతో ముడివేసి సాగిపోతాడు. క్లామ్‌ను పట్టి లాగితే తెగేది పోగు ఒక్కటే కాదు, పోగు పుట్టే కండ కూడా చిరుగుతుంది. ఆ చిరుగుకు ముడి వేసేవాళ్లు ఎవరూ లేరు, చాలా క్లామ్‌లు అలా లాగినందుకే పోతాయి. ఎప్పుడైనా తప్పనిసరై తీయాల్సి వస్తే పోగులను రాతికి దగ్గరగా పదునైన బ్లేడుతో కోయాలి. మీది డెరాసా జాతి, ఇసుక మీద నిశ్చింతగా ఉంటుంది. కింద ఒక పలుచని రాతిముక్క పెడితే దానికే అంటుకుంటుంది, తర్వాత రాతితో సహా జరపవచ్చు. అది అరమీటరు దాకా పెరిగే జాతి అని కూడా నాన్నకు గుర్తు చేయండి. ఇప్పుడున్న తొట్టి కొన్నేళ్లకు చాలదు.

ఇక్కడ మీ బాబాయి కొడుకు వీడియో చూసి తనకూ ఒకటి కావాలని మారాం చేస్తున్నాడు. మన దేశంలో ఇలాంటి పెద్ద క్లామ్‌లు లక్షద్వీప్, అండమాన్ దిబ్బల్లో ఉన్నాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న ప్రాణులు, సముద్రంలోంచి తీయడమే నేరం. వాడికి అదే చెప్పి, గోపాల్‌పూర్ తీసుకెళ్లి అల వెనక్కి వెళ్లగానే ఇసుకలోకి దూరే చిన్న గుల్లలను చూపించాను. అరగంట వాటి వెనకే పరిగెత్తాడు. మీది పసిఫిక్ సముద్రంలోని పలావు దీవుల హేచరీలో పుట్టి పెరిగిందని దాని కాగితాల్లో చదివాను. ఆ కాగితాలు జాగ్రత్తగా దాచమని నాన్నకు చెప్పండి.

ఒక్క పని మాత్రం మీకే వదిలేస్తున్నాను. ఈ రాత్రి దీపాలు ఆరిపోయిన రెండు గంటలకు, అమ్మ ఒప్పుకుంటే, టార్చి పట్టుకుని మెల్లగా వెళ్లి చిప్ప అంచునా అడుగునా వెతకండి. నూక గింజంత తెల్లని నత్తలు కనిపించవచ్చు. అవి పగలు దాక్కుని రాత్రిళ్లు వచ్చి క్లామ్ రసం పీలుస్తాయి. ఒకటి రెండైతే పట్టకారుతో తీసేయొచ్చు. ఎక్కువ ఉంటే నాన్న చిప్పను మెత్తని బ్రష్షుతో తుడవాలి, జిగురులా అంటుకున్న గుడ్లు కూడా పోవాలి. నత్తలు లేకపోతే ఇంకా మంచిది, మనం అనుకున్న వెలుగూ సున్నమూ సరిచేసుకుంటే సరిపోతుంది. కనిపించినా, కనిపించకపోయినా వెంటనే ఫోను చేయండి. మీకు రాత్రి అయ్యేసరికి మాకు తెల్లవారి ఉంటుంది, నేను లేచే ఉంటాను.

మీ
తాతయ్య