క్లినికల్ ట్రయల్స్: ఆ సంతకం గురించి కాస్త వినండి

మా ఓపీ బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ల మాటలు నా గదిలోకి వినిపిస్తుంటాయి. మొన్న ఒకాయన పక్కాయనతో అంటున్నాడు: "సంతకం ఎట్టేసినాక మరి మనం ఏటనడానికి ఉండదంట." విశాఖలో ఒక యూనివర్సిటీ ఆస్పత్రిలో పన్నెండేళ్లుగా స్టడీ కోఆర్డినేటర్‌గా చేస్తున్నాను, అంటే కొత్త మందుల్ని మనుషుల మీద పరీక్షించి చూసే క్లినికల్ ట్రయల్స్ పనులు చూసుకుంటాను. ట్రయల్స్ మీద నేను విన్న పుకార్లు ఇన్నీ అన్నీ కావు. కిడ్నీ తీసేస్తారన్నవాళ్లున్నారు, రక్తం అమ్ముకుంటారన్నవాళ్లున్నారు. వాటికి విసుక్కుని ఊరుకుంటాను. ట్రయల్‌లో చేరేముందు సమ్మతి పత్రం మీద పెట్టే ఈ సంతకం మాట వింటే మాత్రం కుర్చీలోంచి లేచి బయటికి వెళ్తాను.

అపోహ: సంతకం పెడితే ఇక బయటికి రాలేం, ఏం జరిగినా ఆస్పత్రికి సంబంధం ఉండదు

ఇది ఎక్కడినుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. థియేటర్ ముందు స్ట్రెచర్ పక్కన నిలబెట్టి, "ఇక్కడొకటి, ఇక్కడొకటి" అని వేలు చూపించి సంతకాలు తీసుకున్న అనుభవం ప్రతి ఇంట్లోనూ ఉంది. (ఆ కాగితం కూడా డాక్టర్ నిర్లక్ష్యాన్ని మాఫీ చెయ్యదు. ఆ గొడవ ఇంకోసారి.) ట్రయల్ కాగితాన్నీ అదే గాటన కట్టేశారు.

అనకాపల్లి వైపు నుంచి ఒక పెద్దావిడ మా షుగర్ మందు ట్రయల్‌లో చేరింది. రెండు విజిట్లకి టంచనుగా వచ్చింది, మూడోదానికి రాలేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్. నలభై రోజుల తర్వాత ఒక పొద్దున్న స్టీల్ టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చి నా టేబుల్ మీద పెట్టింది. మూత తీస్తే మేమిచ్చిన మాత్రలు, వాడేసిన ఖాళీ స్ట్రిప్పులతో సహా రబ్బరు బ్యాండు చుట్టి ఉన్నాయి. "లెక్కెట్టుకో అమ్మా, ఒక్కటీ పారేయలేదు. డబ్బులు కట్టమనకండి," అంది.

జరిగిందేమిటంటే, ఒకరోజు వాంతులై కళ్లు తిరిగి పడిపోయింది. ఊళ్లో ఆరెంపీ సెలైన్ పెట్టి రెండు ఇంజెక్షన్లు చేశాడు. తగ్గకపోతే టౌన్లో ఒక నర్సింగ్ హోమ్‌లో రెండు రోజులు ఉంచారు. మొత్తం పద్నాలుగు వేలు అయింది, చెవి దుద్దులు తాకట్టుకి వెళ్లాయి. మా నంబరున్న కార్డు ఆ డబ్బాలోనే, మాత్రల కిందే ఉంది. ఎందుకు ఫోన్ చెయ్యలేదమ్మా అంటే, "సంతకం ఎట్టేసినాను కదా, మిమ్మల్ని అడగడానికి నాకేటి హక్కు" అంది.

ఆవిడ పెట్టింది వేలిముద్ర. చదువు రానివాళ్లయితే, ట్రయల్‌తో సంబంధం లేని ఒక సాక్షి మొదటినుంచి చివరిదాకా కూర్చుని విని సంతకం పెట్టాలి. అదీ జరిగింది. పత్రం కాపీ ఆవిడ చేతికిచ్చాను. రూలు ప్రకారం అన్నీ చేశాను. గిర్రున తిరిగే ఫ్యాన్ కింద పత్రమంతా గడగడా చదివేశాను, ఆవిడ ఊ కొట్టింది, నేను అర్థమైందనుకున్నాను. ఆ తప్పు నాది. ఇప్పుడు చదవడం అయిపోయాక ఒకటే అడుగుతాను: "ఇంటికెళ్లాక మీ కోడలు ఇదంతా ఏమిటని అడిగితే ఏం చెబుతారు?" అప్పుడు తెలుస్తుంది ఎవరికి ఎంత ఎక్కిందో.

వాస్తవానికి ఆ కాగితం కట్టేసేది మమ్మల్ని. 2019లో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ట్రయల్‌లో ఉన్న మనిషికి ఒంట్లో ఏ హాని జరిగినా ఉచితంగా వైద్యం చేయించాలి. అవసరం ఉన్నంతకాలం, లేదా ఆ హాని ట్రయల్ వల్ల కాదని తేలేదాకా, ఏది ముందైతే అంతవరకు. ముందు మందే కారణమని రుజువు చేసుకుని అప్పుడు రండి అనడానికి మాకు లేదు. ఆస్పత్రిలో చేరాల్సినంత తేడా చేస్తే, అది జరిగిన 24 గంటల్లో ఢిల్లీలోని డ్రగ్ కంట్రోలర్‌కి, స్పాన్సర్‌కి (ట్రయల్ చేయించేవాళ్లకి), ట్రయల్‌కి అనుమతిచ్చిన ఎథిక్స్ కమిటీకి రిపోర్టు వెళ్లాలి. ట్రయల్ వల్ల ప్రాణం పోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా పరిహారం విడిగా ఉంటుంది. మరణానికి లెక్క 8 లక్షల మూల మొత్తంతో మొదలై, వయసు, జబ్బు తీవ్రతలను బట్టి మారుతుంది.

ఇక బయటికి రావడం అంటారా, ఏ రోజైనా, ఏ కారణం చెప్పకుండానైనా రావచ్చు. అందుకని మా ఓపీలో మామూలు వైద్యం ఆగిపోదు. కాకపోతే చెప్పి రండి. కొన్ని మందులు ఒక్కసారిగా ఆపకూడదు. మాత్రలు మానేసి, పరీక్షలకి మాత్రం వస్తానన్నా కుదురుతుంది, ఈ సంగతి చాలామందికి తెలియదు.

ఆవిడ విషయంలో నర్సింగ్ హోమ్ బిల్లు సంపాదించి పంపితే ఆ డబ్బు తిరిగొచ్చింది. ఆరెంపీకి ఇచ్చింది మాత్రం పోయింది, ఆయన బిల్లిస్తాడా ఏమన్నా.

అపోహ: మనుషుల్ని ఎలుకల్లా వాడుకుంటారు

ఈ భయం ఊరికే పుట్టలేదు, అందుకే దీన్ని ఎగతాళి చెయ్యను. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన హాస్టళ్ల పిల్లలకి హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారన్న గొడవతో 2010లో ఆ కార్యక్రమం ఆపేశారు. ఆ మరణాలకి టీకా కారణమని తేలలేదు. సంతకాలు తీసుకున్న తీరుని మాత్రం 2013లో పార్లమెంటరీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. సమ్మతి తీసుకోవడాన్ని వీడియో తియ్యాలన్న నియమం సుప్రీంకోర్టు జోక్యంతో వచ్చిందీ ఆ సంవత్సరమే. ఇప్పుడది ఇంతకుముందు మందుగా వాడని కొత్త అణువుల (రసాయనాల) ట్రయల్స్‌లో, బలహీన స్థితిలో ఉన్నవాళ్లు చేరేటప్పుడు తప్పనిసరి. కెమెరా చూసి కంగారు పడకండి, అది మీకోసం.

ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురుంటారు. సగం మంది బయటివాళ్లే కావాలి. లాయరు, వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషి కూడా ఉండాలి. మా దగ్గర ఒక ఫైలు రెండుసార్లు తిరుగుటపా కట్టింది ఆ మామూలు మనిషి వల్లే. "ఈ తెలుగు నాకే అర్థం కాలేదు, పాడేరు నుంచొచ్చిన మనిషికి ఏమర్థమవుతుంది?" అన్నారాయన. నాకు ఒళ్లు మండింది కానీ ఆయన మాట నిజం.

మిగతావి గబగబా

ఉత్తుత్తి మాత్ర ఇచ్చి జబ్బు ముదిరిపోయేలా చేస్తారా? మామూలుగా వాడాల్సిన మందు ఉంటే అది వాడుతూనే పైన కొత్త మందో ఉత్తుత్తిదో ఇవ్వడం ఎక్కువగా చూస్తాం. మీకు ఏది వచ్చిందో చాలా ట్రయల్స్‌లో మాకూ తెలియదు. ప్రాణం మీదకొస్తే మాత్రం ఆ గుట్టు విప్పేస్తారు.

డబ్బులిస్తారట కదా? ఆరోగ్యంగా ఉన్నవాళ్లని రెండు మూడు రోజులుంచి మందు రక్తంలో ఎంత చేరిందో చూసే స్టడీలు వేరే ఉన్నాయి, వాటికి ఇస్తారు. మా దగ్గర దారిఖర్చులు, మధ్యాహ్నం భోజనం. ఎవరైనా ఏజెంటు మీ ఊరొచ్చి డబ్బాశ చూపిస్తే సీటీఆర్ఐ (దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) నంబరు అడగండి. 2009 నుంచి ప్రతి ట్రయల్ ఆ రిజిస్ట్రీలో నమోదు కావాల్సిందే, ఎవరైనా నెట్‌లో చూసుకోవచ్చు.

అంతా విదేశీ కంపెనీల లాభానికేనా? ఒకప్పుడు టీబీ అంటే మదనపల్లె శానిటోరియంకి పోవాల్సిందే. ఇంట్లో ఉండి మందులు వేసుకున్నా అంతే బాగా తగ్గుతుందని తేల్చింది 1956లో మద్రాసులో మొదలైన ట్రయల్. పేదవాళ్లతో చేసింది, పేదవాళ్లకే పనికొచ్చింది.

ఇక సిఫార్సుల సంగతి. 2020 జూలైలో కరోనా టీకా ట్రయల్‌కి ఐసీఎంఆర్ ఎంచుకున్న 12 కేంద్రాల్లో విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) పేరు రాగానే, నేను పనిచేసేది అక్కడ కాదని కూడా చూసుకోకుండా "మా బావమరిదిని వేయించండి మేడం" అని ఫోన్లు. మొన్నటిదాకా ఎలుకలన్నది వాళ్లే.

ఆ పెద్దావిడ మాత్రలు వద్దంది, పరీక్షలకి మాత్రం వస్తానంది. దుద్దులు ఇంకా విడిపించుకోలేదు. పోయిన నెల రాత్రి పదకొండున్నరకి ఫోన్ మోగింది. "ఎక్కిళ్లొస్తన్నాయమ్మా. మందు మానేసినాను గానీ, నువ్వు రాసుకుంటావేమోనని." లేచి లైటు వేసి, టైముతో సహా రాసుకున్నాను.