క్యాసెట్ల డబ్బా ముందు, టీవీ తరవాత

పిల్లలూ,

పైలీన్ తుఫాను 2013లో, హుద్‌హుద్ 2014లో, తిత్లీ 2018లో వచ్చాయి. మూడూ తీరం తాకింది అక్టోబరు 11, 12 తేదీల్లోనే. అందుకే ఈ ఉత్తరం వినాయక చవితికి ముందే రాస్తున్నాను.

తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు వంశధార పొంగి మన ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. ఆ రాత్రి నేను టేప్ రికార్డరును అటకెక్కించాను. మంచం కింద ఉన్న క్యాసెట్ల డబ్బా గుర్తు రాలేదు. అందులో మా నాన్న తప్పెటగుళ్లు ఆడిన రాత్రి ఉంది. గుండె మీద తప్పెట మోగుతుంటే ఆయన తీసిన రాగం, కాలి గజ్జెలు, మధ్యలో ఎవరో దగ్గిన దగ్గు కూడా అందులో ఉండేవి. నీళ్లు తీశాక క్యాసెట్‌ను ఎండలో పెట్టి, ఆరిందనుకుని మోగించాను. టేపు పొరలు బురదతో ఒకదానికొకటి అతుక్కుపోయాయి. రెండు చుట్లు తిరగ్గానే పుటుక్కున తెగిపోయింది. తడిసిన టేపును ఎండబెట్టకూడదని, శుభ్రమైన చల్లటి నీటిలోనే ఉంచి, తెలిసినవాళ్ల దగ్గరకు తీసుకెళ్లాలని తరవాత తెలిసింది. తడిసిన హార్డ్ డిస్క్‌నైతే కంప్యూటరుకు తగిలించకండి, ఆరబెట్టకండి. సంచిలో మూసి, డేటా బయటికి తీయగలవాళ్లకు ఇవ్వండి.

కళింగపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరేశారని వినగానే టీవీ స్విచ్ ఆపి ఊరుకోకండి, ప్లగ్గు పీకేయండి. డిష్ తీగ కూడా ఊడదీయండి, పిడుగు ఆ తీగ వెంట కూడా లోపలికి వస్తుంది. కరెంటు పోయేటప్పటికన్నా తిరిగి వచ్చేటప్పుడే ఎక్కువ భయం. వోల్టేజి ఒక్కసారిగా ఎగసి పరికరాలను కాల్చేస్తుంది. ఇంట్లోకి నీళ్లు వచ్చేశాక మాత్రం తడి చేత్తో ఏ ప్లగ్గూ ముట్టకండి. ఆ పని పెద్దవాళ్లకు వదిలేయండి.

సామాను ఎత్తులో పెట్టమని అందరూ చెబుతారు. రేకుల ఇంట్లో అటక నమ్మదగినది కాదు, గాలికి రేకు లేచిందంటే వాన నేరుగా అక్కడే పడుతుంది. శ్లాబు గదిలో, కిటికీకి దూరంగా, బల్ల మీద పెట్టి టార్పాలిన్ కప్పడం మేలు. వాన తగ్గగానే టార్పాలిన్ తీసేయండి, లోపల చెమ్మ పడుతుంది.

నీళ్లు చేరిన టీవీని, యాంప్లిఫయరును పైన ఆరిపోయిందని ఆన్ చేయకండి. మనది ఏటి నీరు, బురద మిగిలిపోతుంది. తీరం ఊళ్లలో సముద్రపు నీరైతే ఇంకా చెడ్డది. ఉప్పు ఆరాక కూడా గాలిలోని తేమను పీల్చి రాగి తీగలను తినేస్తూనే ఉంటుంది. మూత విప్పి చూడాలన్న సరదా వద్దు. ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది, మెకానిక్ చూడాలి.

టీవీ మళ్లీ కొనుక్కున్నాం. నాన్న గొంతు ఏ దుకాణంలోనూ దొరకలేదు.

మీ పెద్దమ్మ ఇంట్లో ఇంకో మూడు క్యాసెట్లు బయటపడ్డాయి. ఒకదాని మీద మీ నాయనమ్మ చేతిరాతతో ‘పెళ్లి పాటలు’ అని ఉంది. చవితికి వచ్చేటప్పుడు క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించే తీగ తీసుకురండి. ఒక కాపీ ఇక్కడ ఉంచి, ఒకటి మీరు బెంగళూరు పట్టుకెళ్లండి. టేప్ రికార్డరు ఇప్పటికీ పనిచేస్తోంది, టేపు తగిలే దాని తల తుడిచి సిద్ధంగా ఉంచాను.

మీ తాతయ్య